ఏ క్షణాన తెగిందో

ఆకుపచ్చ గుడ్డకి అవతల ఎవరో సుత్తితో కొడుతున్నారు. ఆ దెబ్బలు పడుతున్నది తన మోకాలి మీదేనని అతనికి తెలుసు. కాగితాల మీద సంతకం పెట్టింది తనే, పొద్దున్నే నర్సు వచ్చి, పొరపాటున రెండో కాలు కోసెయ్యకుండా కుడి మోకాలి మీద నీలం పెన్నుతో బాణం గుర్తు వేస్తుంటే వంగి చూసిందీ తనే. అయినా తెలియడం వేరు, నమ్మకం కుదరడం వేరు. నడుములో వేసిన సూదితో బొడ్డు కిందనుంచి ఒళ్ళంతా ఎవరికో ఎరువిచ్చేసినట్టయింది. దెబ్బ పడ్డప్పుడల్లా తలకింద బల్ల అదురుతోంది, పళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయి, అంతకుమించి ఏమీ లేదు. పక్కింటివాళ్ళు మేకు కొట్టుకుంటుంటే మన గోడ అదిరినట్టుంది. మధ్యమధ్య రంపం గిర్రున తిరిగి ఆగుతోంది, జుట్టు కాలిన వాసనలాంటిదేదో వస్తోంది. ఎముకల డాక్టరు వడ్రంగి మేస్త్రీలాగా చెయ్యి చాపి, "ఇది కాదమ్మా, పెద్దదియ్యి" అంటున్నాడు. పెద్దది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అతని గురించి జనం అంటున్న మాట అదొక్కటే. చొక్కా పెద్దది కావాలి, బూటు పెద్దది కావాలి, మంచం పెద్దది కావాలి. ఈ ఆపరేషన్ బల్ల కూడా చాల్లేదు, మడమల కింద ఇంకో బల్ల చేర్చి, మధ్య సందులో దిండు కుక్కి పడుకోబెట్టారు. లోపల బిగించబోయే ఉక్కు మోకాలు కూడా మామూలుగా ఉండే సైజుల్లో కుదరలేదట, ప్రత్యేకంగా చెప్పి తెప్పించారు.

తల దగ్గర స్టూలు మీద కూర్చున్న మత్తు డాక్టరు వంగి మొహం తలకిందులుగా చూపించి, "కాస్త నిద్రపట్టేట్టు మందిమ్మంటారా సార్? ఈ చప్పుడంతా వినడమెందుకు?" అన్నాడు. వద్దండీ, మెలకువగానే ఉంటానన్నాడు అతను. ఎంత గుండె ధైర్యమో చూడమ్మా అన్నట్టు మత్తు డాక్టరు నర్సు వైపు చూశాడు. ధైర్యమూ కాదు, పాడూ కాదు. నిద్రపోతే కుదరని పని ఒకటుంది. ఇక్కణ్ణుంచి బయటికి వెళ్ళేసరికి కూతురికి ఒక మాట చెప్పాలి, వేయించుకో అనో, వద్దు అనో. ఆ మాట ఏమిటో ఇంకా అతనికే తేలలేదు.

పొద్దున్న స్ట్రెచరు కోసం ఎదురుచూస్తుంటే ఫోన్ మోగింది. అమ్మాయి వేరే ఊళ్ళో ఉంది, సాయంత్రం వాళ్ళ ఫైనల్. హలో లేదు, ఎలా ఉన్నావని లేదు. "నాన్నా, పక్కన అమ్మ ఉందా?" అంది. లేదు, మందులకి వెళ్ళిందన్నాడు. అప్పుడు గొంతు తగ్గించి, "మోకాలు నిన్నటికంటే ఎక్కువైంది నాన్నా. మెట్లు దిగలేకపోతున్నా. టీం డాక్టరు సూది వేస్తానంటున్నాడు. వేస్తే మ్యాచ్ అయ్యేదాకా ఏమీ తెలీదట. కోచ్ మేడం నీ ఇష్టం అంటోంది. మీ నాన్న సూది వేయించుకునేగా ఆ రోజు కప్పు తెచ్చాడు, ఆయన్నే అడుగు అంది" అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మోకాలిలో ఎక్కడ అని అడిగాడు. లోపలి పక్క అంది. తన మోకాలు పాడైందీ ఆ పక్కే, ఆ మాట వినగానే గుండె గుభేలుమనాలి. అనలేదు. "సూది వేశాక నిజంగా నొప్పి ఉండదా నాన్నా?" అంటే, "ఉండదు, అస్సలు ఉండదు" అన్నాడు, ఆ అనడంలో గొంతులో కొంచెం గొప్ప కూడా పలికింది, అది తన చెవికే వినపడి కాస్త వింతగా అనిపించింది. "మరి వేయించుకోనా?" అంది అమ్మాయి. అప్పుడే స్ట్రెచరు తలుపు తోసుకుంటూ వచ్చింది. "బయటికొచ్చాక చెప్తాను తల్లీ, అందాకా ఆగు." "భోజనాల వేళకల్లా మేడంకి చెప్పాలి నాన్నా. మర్చిపోకు." మర్చిపోవడానికేముంది, ఇందాకట్నుంచీ అదే పట్టుకుని పైకప్పు చూస్తున్నాడు. పైకప్పులో గుండ్రటి దీపం, దీపం లోపల ఇంకా చిన్న దీపాలు, పక్కన ఎవరూ తుడవని ఒక మరక. తను నిలబడితే చెయ్యి చాపి తుడిచెయ్యగలడు. నిలబడితే కదా.

తుడవడం, అందుకోవడం, దింపడం, ఇవే అతని జీవితంలో ముక్కాలు భాగం. చిన్నప్పుడు వాళ్ళమ్మ చుట్టపక్కాల ముందు అతన్ని కూర్చోబెట్టే ఉంచేది, లేస్తే దిష్టి తగులుతుందని కాదు, లేస్తే ఎవరో ఒకరు అటక మీద సామాను దింపమంటారని. బళ్ళో కొత్తగా వచ్చిన మాస్టారు మొదటిరోజే అతన్ని వేలెత్తి చూపించి, ఎన్నేళ్ళుగా తప్పుతున్నావురా ఈ క్లాసు అన్నాడు. పిల్లలందరూ విరగబడి నవ్వారు, అతనూ నవ్వాడు, నవ్వకపోతే ఇంకా పొడుగ్గా కనిపిస్తానేమోనని భయం. ఆ బడికి వెళ్ళే దారిలో ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది, దాని ఆటస్థలం చుట్టూ ఎత్తయిన ప్రహరీ గోడ. గోడకి అవతల ఫ్యాక్టరీ బాస్కెట్‌బాల్ టీం ఆడుకుంటుంటే, గోడ మీద ఒక తలకాయ తాపీగా ఇటునుంచి అటు వెళ్ళిపోతూ కనిపించిందట కోచ్‌కి. సైకిల్ మీద ఎవరో పోతున్నారనుకున్నాడట. కాసేపటికి అదే తలకాయ అటునుంచి ఇటు వచ్చింది, పుస్తకం మర్చిపోయి వెనక్కి వచ్చాడు మరి, ఈసారి దాని నోట్లో చెరుకు ముక్క ఉంది. సైకిల్ తొక్కుతూ చెరుకు తినేవాడు ఎవడ్రా అని గేటు దాకా పరిగెత్తుకొచ్చి చూస్తే, సైకిలూ లేదు ఏమీ లేదు, నిక్కరు వేసుకున్న పిల్లవాడు నడిచి వస్తున్నాడు. ఈ కథ ఆయన చెప్పినన్నిసార్లు అతని తల్లి కూడా చెప్పలేదు. కోచ్‌ని అందరూ పెద్దసారు అనేవాళ్ళు, మనిషి మాత్రం అతని మోచెయ్యి దాకా వచ్చేవాడు. నిచ్చెన అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఆ పేరు ఎంత అతుక్కుపోయిందంటే, తర్వాత పెళ్ళి కార్డు చూసి ఈ పేరుగలవాడెవడని టీంవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడిగారు.

రంపం ఆగింది. నీళ్ళు చల్లుతున్న చప్పుడు, అది తనమీదేనేమో. మోకాలు ఇప్పుడు బయట ఉంటుందా, లోపల ఉంటుందా? కోసి తీసినవి ఏం చేస్తారో అడగలేదు. అడగాలనిపించలేదు. కొంతమంది పన్ను పీకించుకుని జేబులో వేసుకుని తెచ్చుకుంటారు. తనది మోకాలు, జేబులో పట్టదు.

పెద్దసారుకి ఒక అలవాటుండేది. మ్యాచ్ గెలిచినా, ఓడినా, స్నానాలకి వెళ్ళకముందే అందరూ నేలమీద గుండ్రంగా కూర్చోవాలి. ఒక్కొక్కళ్ళూ తన నొప్పి ఎక్కడో చెయ్యి పెట్టి చూపించి చెప్పాలి. సార్, ఎడమ భుజం, వాళ్ళ పెద్దాడి మోచెయ్యి తగిలింది. సార్, చిటికెన వేలు, బంతి తప్పు పట్టుకున్నా. సార్, పిక్క. ఆయన అందరివీ విని తలూపేవాడు, అందులోనే ఎవరు ఎలా ఆడారో ఆయనకి తెలిసిపోయేది. మోచిప్పలు రెండూ గీరుకుపోయినవాడు బంతి కోసం నేలమీద పడ్డాడని లెక్క, పక్కటెముకలు నొప్పన్నవాడు అడ్డం నిలబడ్డాడని లెక్క. ఎక్కడా నొప్పి లేదని ఎవడైనా అంటే, అయితే నువ్వు ఆడలేదురా అనేవాడు, తిట్టినట్టు కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు. అందుకని మ్యాచంతా బయట కూర్చున్న కొత్తవాడు కూడా తన వంతు రాగానే సిగ్గుపడుతూ, సార్ నడుము, బెంచీ గట్టిగా ఉంది అనేవాడు, అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. నిచ్చెన వంతు వచ్చేసరికి పొద్దుపోయేది. ఒళ్ళు అంత పొడుగు మరి, నొప్పులకి చోటు ఎక్కువ. బంతి అందుకోవడానికి గెంతినప్పుడు తగిలినవి, గెంతి దిగినప్పుడు తగిలినవి విడివిడిగా చెప్పేవాడు, మెడనుంచి మొదలుపెట్టి మడమ దాకా వచ్చేవాడు. అన్నీ చెప్పుకున్నాక ఒక హాయి ఉండేది. అది అన్నం తిన్నా వచ్చే హాయి కాదు, నిద్రపోయినా వచ్చేది కాదు, ఆ తర్వాత మళ్ళీ ఎక్కడా దొరకనూ లేదు. ఆ హాయి ఇలా ఉండేదని ఇప్పుడు మాటల్లో చెప్పగలడు గానీ, తిరిగి తెచ్చుకోమంటే రాదు.

"అమ్మా, నీకు తెలుసా ఈ సారెవరో?" అంటున్నాడు మత్తు డాక్టరు, ట్రే పట్టుకున్న నర్సుతో. "నేనప్పుడు ఇంతవాణ్ణి. మా నాన్న భుజాల మీద కూర్చుని చూశా ఆ ఫైనల్. ఒక కాలు పని చెయ్యట్లేదు సారుకి, ఒక్క కాలి మీద గెంతి ఆఖరి బంతి వేశారు. హాలంతా లేచి నిలబడింది. మా నాన్న ఏడ్చేశారమ్మా, నా కాళ్ళు రెండూ గట్టిగా పట్టుకుని ఏడ్చేశారు. మేం భోజనాల గదిలో సార్ ఫోటో పెట్టుకున్నాం, పేపర్లోది కత్తిరించి." నర్సు అవునా సార్ అంది. అతను అవునమ్మా అన్నాడు. అబద్ధమేమీ కాదు, అందరూ చూసినదే. ఒక్క కాలి మీద గెంతాడా, రెండు కాళ్ళ మీద గెంతాడా అన్నది అతనికి మాత్రం తెలియదు. ఆ ఫోటో అతని ఇంట్లో కూడా ఉంది. భుజాల మీద ఎత్తుకున్నారు, చుట్టూ చేతులే చేతులు, అతను మాత్రం తల దించుకుని కిందికి చూస్తున్నాడు. గెలిచినా తల ఎత్తని వినయం అని పేపరువాడు కింద రాశాడు. ఆ రోజు తీసిన ఏ ఫోటోలో చూసినా కిందికే చూస్తుంటాడు. వినయమా, వంకాయా? పాదం నేలమీద ఆనిందో లేదో చూసుకుంటున్నాడు. కాలికి ఏమీ తెలియట్లేదు గనక, కళ్ళతో చూస్తే తప్ప ఎక్కడుందో తెలియదు. బంతి వంక చూడొద్దు, కాళ్ళ వంక చూడొద్దు, మనిషి వంక చూడు అని పెద్దసారు ఎన్నేళ్ళు నేర్పాడో, అదంతా ఆ ఒక్క సాయంత్రంతో సరి. గెంతడం, చూసుకోవడం, ఆనింది అనుకోవడం, మళ్ళీ గెంతడం. అందరి భుజాల మీదకీ ఎక్కాక కూడా చూపు అలవాటు కొద్దీ కిందికే పోయింది.

సూది వేసింది బంతులు, వలలు పెట్టుకునే గదిలో. రబ్బరు వాసన, గాలిపోయిన బంతులు ఒక మూల గుట్టగా. డాక్టరు, పెద్దసారు, తను. పెద్దసారు వేయించుకో అనలేదు, వద్దనలేదు. వల ఒకటి చేతిలోకి తీసుకుని దాని ముడులు విప్పుతూ కూర్చున్నాడు, ఆ వలకి ముడులే లేవు. అతనే వేసెయ్యండి సార్ అన్నాడు. కాసేపటికి డాక్టరు మోకాలి మీద గిల్లి, తెలుస్తోందా అంటే తెలియట్లేదన్నాడు, గట్టిగా గిల్లి ఇప్పుడో అంటే ఇప్పుడూ లేదన్నాడు, ముగ్గురూ సంతోషించారు. అంతవరకూ బాగా గుర్తుంది. ఆ గదిలో బల్బు మీద పట్టిన దుమ్ము కూడా గుర్తుంది. హాల్లోకి వెళ్ళాక జరిగిందంతా జనం చెప్పగా విన్నదీ, పేపర్లో చదివిందీ, ఫోటోల్లో చూసిందీ. సూది వేసింది మోకాలికే కదా, మిగతాదంతా ఎందుకు మొద్దుబారిందో అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. జనం అరిచారట. విన్నాడేమో. ఆఖరి బంతి లోపల పడ్డప్పుడు వల చప్పుడైందట. అంత దగ్గరగా ఉండి తను వినలేదంటే ఎవరు నమ్ముతారు, అందుకే ఎవరికీ చెప్పలేదు.

"ఇదిగో, ఇది ఎప్పటి తెగుడండీ?" గుడ్డకి అవతలనుంచి ఎముకల డాక్టరు గొంతు. "లోపల ఎముకల్ని పట్టుకునే కట్టు తెగిపోయి, అరిగి అరిగి అసలు ఆనవాలే లేదు. దీంతో ఇన్నేళ్ళు ఎలా నడిచారు మీరు?"

"ఫైనల్ రోజుదండీ" అన్నాడు అతను పైకప్పుతో.

"అదే, ఏ దెబ్బకి?"

"ఆ ఆఖరి బంతికేగా సార్?" అన్నాడు మత్తు డాక్టరు ఉత్సాహంగా.

"తెలీదండీ."

"తెలియకపోవడమేంటండీ, ఇది తెగితే చెట్టుకొమ్మ విరిగినట్టు చప్పుడవుతుంది. మనిషి అక్కడికక్కడే కూలబడిపోతాడు. మొదట్లో తెగిందా, చివర్లోనా?"

"తెలీదండీ. నాకు తెలీకుండా తెగింది."

ఎముకల డాక్టరు, పెద్ద సైజుది ఇటియ్యమ్మా అన్నాడు. సుత్తి మళ్ళీ మొదలైంది. అప్పట్లో కూడా అందరూ ఇదే అడిగారు. మర్నాడు మోకాలు గుమ్మడికాయంత అయి మంచం దిగలేకపోతే వచ్చి చూసిన డాక్టర్లు, ఫ్యాక్టరీ వాళ్ళు, పేపరువాడు, ఎప్పుడయింది, ఎప్పుడయింది అని. బతుకంతా ఆడిన ఆట ఏదో ఒక క్షణంలో తెగిపోయింది, ఆ క్షణంలో తను అక్కడే ఉన్నాడు, బంతి కూడా చేతిలోనే ఉందేమో. ఎవరైనా అయినవాళ్ళు పోతే కడసారి చూపు దక్కలేదని ఏడుస్తారు. ఇది అంతకంటే అన్యాయం, పక్కనే కూర్చుని కూడా చూపు దక్కలేదు. ఏడుద్దామని ఆ రోజుల్లో ఒకటి రెండుసార్లు ప్రయత్నించాడు కూడా. తలుపు వేసుకుని కూర్చుని, అమ్మ పోయినప్పటి సంగతులన్నీ గుర్తుచేసుకుని చూశాడు. కన్ను చెమర్చలేదు, తుమ్ము వచ్చింది.

కప్పు మధ్యలో పెట్టి ఆ రోజు కూడా గుండ్రంగా కూర్చున్నారు. ఒళ్ళంతా చెమటలు, ఎవడో బూటు విప్పి గాల్లోకి విసిరాడు. వంతుగా చెప్పుకొస్తున్నారు, ఆ రోజు నొప్పుల్లో కూడా పండగ. ఒకడు పెదవి చిట్లింది సార్ అని చూపించుకుని మురిసిపోయాడు. బెంచీవాడు చేతులు సార్, చప్పట్లు కొట్టి కొట్టి అన్నాడు. నిచ్చెన వంతు వచ్చింది. అందరూ ఎదురుచూస్తున్నారు, ఈ రోజు మెడనుంచి మడమదాకా పెద్ద పురాణమే ఉంటుందని. అతను ఒళ్ళంతా వెతుక్కున్నాడు. ఎక్కడా లేదు సార్ అన్నాడు. జోకు అనుకుని నవ్వారు. పెద్దసారు నవ్వలేదు. అయితే నువ్వు ఆడలేదురా అని ఆయన అనాలి, అది ఆయన మాట, ఎన్నేళ్ళుగానో అంటున్న మాట. ఆయన అనలేదు. చూపు తిప్పుకుని పక్కవాణ్ణి నీకెక్కడ్రా అని అడిగాడు. అనుంటే బాగుండేదేమో. తిట్టుకోవడానికైనా ఏదో ఒకటి మిగిలేది. తర్వాత ఆయన రోజూ ఆసుపత్రికి వచ్చేవాడు, పళ్ళు తెచ్చేవాడు, కూర్చునేవాడు, ఎక్కడ నొప్పి అని మాత్రం ఒక్కనాడూ అడగలేదు, ఆయన పోయేదాకా.

ఫ్యాక్టరీ వాళ్ళు మంచివాళ్ళే, ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. ఆట లేకపోయినా సామాన్ల గోదాములో కుర్చీ వేశారు. నట్లూ బోల్టులూ రాగి తీగ చుట్టలూ, వచ్చినవి దింపించుకోవడం, అడిగినవి ఇవ్వడం. మొదట్లో కప్పు కొట్టినాయన ఇక్కడే ఉన్నాడట అని వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు. తర్వాత్తర్వాత గోడ గడియారం ఆగితే పిలిచేవాళ్ళు, స్టూలెందుకు మన నిచ్చెన ఉన్నాడుగా అని. ఏ ఆఫీసులో ఏ గడియారానికి ఏ సైజు బ్యాటరీ పడుతుందో అతనికి కంఠతా వచ్చేసింది. చెయ్యెత్తితే అందుతుంది, గెంతక్కర్లేదు, అదొక సౌఖ్యం. ఆఫీసు పైఅంతస్తులో జీతాల సెక్షన్లో టైపు చేసే అమ్మాయి పరిచయమైంది. అందరితో పాటు మెట్లు దిగాల్సొస్తే అతను వెనక్కి ఆగిపోయేవాడు, ఎందుకంటే పక్కకి తిరిగి, రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ పెట్టి దిగాలి, పీతలాగా. ఆ అమ్మాయి ముందే దిగేసి, కింద నిలబడి, హ్యాండుబ్యాగులో తాళంచెవి వెతుక్కుంటున్నట్టు నటించేది. అతను కిందికి వచ్చేదాకా ఆ తాళంచెవి దొరికేది కాదు. ఇన్నేళ్ళు కాపురం చేసినా అతని ఆట గురించి ఆవిడ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఆవిడ అతని ఆట చూడలేదు. చూసిందల్లా మోకాలు.

కూతురిది తల్లి పోలిక, ఎత్తు రాలేదు. ఎత్తు రాకపోతేనేం, బంతి దాని చేతికి కుక్కపిల్లలాగా అలవాటైపోయింది. పొట్టిది, గట్టిది, ఇద్దరి మధ్యలోంచి దూరి అవతల తేలుతుంది. మ్యాచ్ ఆడి ఇంటికొచ్చిన సాయంత్రాల్లో సోఫాలో వెల్లకిలా పడి, అడక్కముందే మొదలుపెట్టేది, నాన్నా ఈ మోచెయ్యి, నాన్నా ఈ వేలు చూడు ఎలా అయిందో అని. దానికి పెద్దసారు ఎవరో తెలియదు, అతను చెప్పనూ లేదు, అలా చెప్పుకోవాలని దానికదే పుట్టింది. అతను వేలు పట్టుకుని చూసి, తలూపి, వెళ్ళి నీళ్ళు తాగు అనేవాడు. అసలు సంగతి దాచి లాభం లేదు. అతనికి అమ్మాయి ఈ సాయంత్రం ఆడాలని ఉంది. గెలవాలని ఉంది, పేపర్లో పడాలని ఉంది, ఫలానా ఆయన కూతురు అని జనం అనుకుంటుంటే వినాలని ఉంది. పొద్దున్న గొంతులో పలికిన గొప్ప ఊరికే పలికిందా? నాలుక చివర అవునన్న మాటే సిద్ధంగా ఉంది. దాన్ని తోసేసి వద్దు అన్న మాట పెట్టి చూశాడు. రెండిటి బరువూ ఒకటే ఉంది, ఒకటి అంటే గుండెలో ఒకలా, ఇంకొకటి అంటే ఇంకొకలా ఉండాలి కదా, ఏం లేదు. ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చి గిల్లి చూసి, ఇదీ నీ మనసు అని చెప్తే బాగుండును. సూది వేయించుకున్నందుకు పశ్చాత్తాపపడుతున్నావా అని ఎవరైనా అడిగితే, పడటానికి కూడా ఏమీ లేదు. మంచి జరిగినా చెడు జరిగినా మనిషి అక్కడ ఉండాలి కదా. తను లేడు. కప్పు గెలిచిన రోజున తను తప్ప అందరూ ఉన్నారు. మత్తు డాక్టరు వాళ్ళ నాన్న ఉన్నాడు, పిల్లవాడి కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి దక్కింది, అతనికి దక్కలేదు.

"అయిపోయింది సార్, కుట్లు వేస్తున్నారు" అన్నాడు మత్తు డాక్టరు. "ఒక ఫోటో తీసుకోవచ్చా మీతో? మా నాన్నకి చూపిస్తా." తీసుకోండి అన్నాడు. ఆయన వంగి తల పక్కన తల పెట్టి ఫోన్ చాపాడు. ఇటు చూడండి సార్ అంటే ఫోన్ వైపు చూశాడు.

గది మార్చారు. మంచం మళ్ళీ పొట్టిదే. భార్య దుప్పటి ఒకవైపు లాగితే ఇంకోవైపు పాదాలు బయటికొస్తున్నాయి, చివరికి ఇంకో దుప్పటి అడిగి తెచ్చి కాళ్ళకి విడిగా కప్పింది. ఎలా ఉంది అంది. ఏం తెలియట్లేదన్నాడు. "నీ కూతురు ఫోన్ మీద ఫోన్. నాతో మాట్లాడదట, నాన్నకే ఇవ్వాలట. ఏంటి మీ ఇద్దరి గుసగుసలు?" అని నంబరు నొక్కి అతని చెవి దగ్గర పెట్టింది. అవతల ఒక్క మోతకే ఎత్తింది.

"నాన్నా, అయిపోయిందా? బాగానే ఉన్నావుగా? డాక్టరు ఇక్కడే కూర్చున్నాడు నాన్నా, బ్యాగు తెరిచి. చెప్పు."

"వద్దు తల్లీ."

వెనకాల ఎక్కడో బంతి కొడుతున్న చప్పుడు.

"అదేంటి నాన్నా? నొప్పి ఉండదన్నావుగా పొద్దున్న."

"ఉండదు. అందుకే వద్దంటున్నా. ఏదీ ఉండదు. ఆ రోజు మోకాల్లో ఎప్పుడు తెగిందో నాకు తెలీదు. గెలిచినట్టు కూడా నాకు తెలీదమ్మా. ఇంకెవరికో జరిగినట్టుంది."

"నాకు వేదాంతం చెప్పకు నాన్నా, సాయంత్రం ఫైనల్!" అని అరిచింది. "నీకేం, నువ్వు ఆడేశావు. నీ ఫోటో మనింటి హాల్లో ఉంది, వచ్చినవాళ్ళందరూ దాని ముందు నిలబడతారు. నాకేదీ? నాకీ రోజు మళ్ళీ వస్తుందా?"

"రాకపోవచ్చు."

"అంత తేలిగ్గా అంటావేంటి?"

తేలిగ్గా అన్నాడా? అలాగే వినపడి ఉంటుంది. ఏడుపు గొంతుతో అనాల్సిన మాట అది, ఆ గొంతు అతని దగ్గర లేదు. "కోపం వస్తే తిట్టు. కానీ వేయించుకోకు. నొప్పిగా ఉంటే కూర్చో, బయట కూర్చుని చూడు" అన్నాడు. అవతల అమ్మాయి ఏడవటం మొదలుపెట్టింది. నోరు మూసుకుని కాదు, చిన్నప్పుడు మెట్ల మీదనుంచి పడ్డప్పుడు ఏడ్చినట్టు, ఎవరు వింటున్నారన్న ధ్యాస లేకుండా, వెక్కిళ్ళు పెట్టి. భార్య ఫోన్ కోసం చెయ్యి చాపింది, అతను ఇవ్వలేదు, చెవికి ఇంకా గట్టిగా అదుముకుని అంతా విన్నాడు. చివరికి ముక్కు ఎగబీల్చి, "సరే. ఆడను. ఆయన్ని బ్యాగు మూసెయ్యమంటున్నా. మేడంకి చెప్పేస్తున్నా. తృప్తిగా ఉందా? ఇంక నాకు ఫోన్ చెయ్యకు నాన్నా. ఇంటికొచ్చినా నాతో మాట్లాడకు" అని పెట్టేసింది.

ఫోన్ దుప్పటి మీద పడింది. తృప్తి కోసం అతను లోపల కాసేపు వెతికాడు, పోనీ బాధ కోసం వెతికాడు. కిటికీ అవతల ఎవరో మోటారుసైకిలు స్టార్ట్ చెయ్యలేక తన్నుతున్నారు. నర్సు వచ్చి పాదాల వేళ్ళు నొక్కి, ఇంకా టైం పడుతుంది అనుకుంటూ వెళ్ళిపోయింది.

భార్యకి అప్పుడు చెప్పాడు, లోపలి పక్క నొప్పి సంగతీ, సూది సంగతీ, తను వద్దన్న సంగతీ.

"ఇక అది నాతో చాన్నాళ్ళు మాట్లాడదు" అన్నాడు.

"మాట్లాడకపోతే మాట్లాడకపోనీ" అంది ఆవిడ, కొంగుతో కళ్ళు తుడుచుకుని, అతని పాదాల మీద దుప్పటి సర్దుతూ. "మెట్లు మాత్రం తిన్నగా దిగుతుంది."